దెబ్బ ఒక్కసారే తగిలినా వైద్యం ఎందుకు ఆగదు? సెరిబ్రల్ పాల్సీ గురించి వివరంగా

"మా బాబును అసలు ఏ డాక్టర్‌కు చూపించాలె సార్?"

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఓపీలోనో, హనుమకొండలో ఏదో ఒక ఫిజియోథెరపీ క్లినిక్ బయటో కాసేపు కూర్చుంటే ఈ మాట వినిపిస్తుంది. అడిగేది ములుగు నుంచో, భూపాలపల్లి నుంచో, మహబూబాబాద్ నుంచో బస్సెక్కి వచ్చిన తల్లి. చంకలో నాలుగేళ్ల బిడ్డ, చేతిలో ప్లాస్టిక్ కవరు. ఆ కవరులో పిల్లల డాక్టర్ రాసిన ఫిట్స్ మందు చీటీ, ఎముకల డాక్టర్ తీయించిన ఎక్స్‌రే, హైదరాబాద్‌లో చేయించిన ఎమ్మారై, సదరం సర్టిఫికెట్ జిరాక్సు ఉంటాయి. ఒక్కో డాక్టర్ ఒక్కో మాట చెప్పి ఉంటారు. ఆ మాటలన్నీ ఒకచోట విన్నది మాత్రం ఆమె ఒక్కతే.

సెరిబ్రల్ పాల్సీకి ఒక్క డాక్టర్ ఎందుకు సరిపోరు, పసితనం నుంచి పెద్దవయసు దాకా ఎవరి అవసరం ఎప్పుడు పడుతుంది, నిపుణులకే పొత్తు కుదరని చోట ఎవరి వాదన ఏమిటి అన్నది ఇక్కడ ఒక్కొక్కటిగా చూద్దాం.

సీపీ అంటే ఏమిటి, ఏది కాదు

ఎదుగుతున్న మెదడుకు కడుపులో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన తొలి నెలల్లోనో దెబ్బ తగిలి, దాని వల్ల కదలికలు, కూర్చునే నిలబడే తీరు అదుపు తప్పడమే సెరిబ్రల్ పాల్సీ. తెలుగులో మస్తిష్క పక్షవాతం అని రాస్తారు గానీ ఆసుపత్రిలో, ఇళ్లలో అందరూ అనేది సీపీ అనే. ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు ఇద్దరు ముగ్గురికి ఉంటుందని అంచనా.

లోపం కండరంలో లేదు, కండరానికి ఆజ్ఞ ఇచ్చే చోట ఉంది. ఎక్కువ మందిలో, అంటే దాదాపు 80 శాతం మందిలో, కండరాలు బిర్రుగా బిగుసుకుంటాయి. దీన్ని స్పాస్టిక్ రకం అంటారు. ఒక పక్క చేయి కాలు మాత్రమే బిగిస్తే హెమీప్లీజియా, ముఖ్యంగా రెండు కాళ్లు బిగిస్తే డైప్లీజియా, కాళ్లూ చేతులూ మొత్తం అయితే క్వాడ్రీప్లీజియా. కొందరిలో బిగుతు కన్నా అదుపులేని మెలికల కదలికలు ఎక్కువ. దీన్ని డిస్కైనెటిక్ రకం అంటారు, పుట్టిన రోజుల్లో కామెర్లు బాగా ముదిరి మెదడుకెక్కిన పిల్లల్లో తరచూ వచ్చేది ఇదే. తూలుతూ నడిచే అటాక్సిక్ రకం చాలా అరుదు.

కారణం అడిగితే మన దగ్గర మొదట వచ్చే జవాబు "పుట్టంగనే ఏడ్వలేదు" అని. కాన్పు సమయంలో ఆక్సిజన్ అందకపోవడం మన దేశంలో పెద్ద కారణమే. కానీ అదొక్కటే కాదు. నెలలు నిండకుండా పుట్టడం, గర్భంలో ఇన్‌ఫెక్షన్, మెదడులో రక్తస్రావం, మెదడువాపు, కామెర్లు, జన్యు కారణాలు, ఇవన్నీ ఉన్నాయి. ఏడవకపోవడం కూడా కొన్నిసార్లు అంతకు ముందే కడుపులో తగిలిన దెబ్బకు ఫలితం కావచ్చు. కాన్పు చేసిన డాక్టర్‌ను గానీ, గ్రహణం నాడు బయటికి వచ్చిందంటూ తల్లిని గానీ తప్పు పట్టే ముందు ఇది గుర్తుండాలి. గ్రహణానికీ సీపీకీ ఏ సంబంధమూ లేదు. ఆ నింద మోస్తూ బతికే తల్లులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్పాలి.

మెదడు మారదు, ఒళ్లు మారుతుంది

సీపీలో మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. ఇది క్యాన్సర్‌లా, కండరాల క్షీణతలా ముదిరే జబ్బు కాదు. మరి మూడేళ్లప్పుడు మునివేళ్ల మీద నడిచిన పిల్లవాడు పన్నెండేళ్లకు మోకాళ్లు వంగిపోయి కుంగి ఎందుకు నడుస్తాడు?

ఎముక పెరిగినంత వేగంగా బిగుసుకున్న కండరం పెరగదు. పిల్లలు పొడుగయ్యే కొద్దీ పొట్టిగా మిగిలిన కండరం కీలును లాగుతుంది. మడమ పైకి లేస్తుంది, మోకాలు వంగుతుంది, తుంటి పక్కకు జరుగుతుంది, వెన్ను వంకర తిరుగుతుంది. ఈడొచ్చే వయసులో ఒక్కసారిగా పొడుగూ బరువూ పెరిగినప్పుడు ఇదంతా కళ్లముందే జరుగుతుంది. "మొన్నటిదాక మంచిగ నడిచిండు" అని తల్లిదండ్రులు కంగారు పడేది ఆ వయసులోనే.

దీని నుంచే ఇంకో కీలకమైన మాట వస్తుంది. దెబ్బ పెరగదు కాబట్టి, సీపీ ఉన్న మనిషి ఏ వయసులోనైనా ఉన్న నైపుణ్యం పోగొట్టుకుంటే దానికి వేరే కారణం ఉండాలి, దాన్ని వెతకాలి. వచ్చిన మాటలు పోయినా, పట్టుకునే చేయి పట్టు తప్పినా "సీపీ కదా, అంతే" అని ఊరుకోవడం తప్పు. కొన్నిసార్లు అసలు రోగనిర్ధారణే వేరు కావచ్చు. ఉదాహరణకు పొద్దున బాగానే నడిచి సాయంత్రానికి కాళ్లు మెలికలు పడే పిల్లల్లో కొద్దిమందికి ఉండేది సీపీ కాదు, డోపా అనే మందుతో తగ్గే డిస్టోనియా, అంటే కండరాలు మెలికలు తిరిగే జబ్బు. అది అరుదే. కానీ తక్కువ మోతాదు మాత్రతో పిల్లలు లేచి తిరుగుతారు. ఎమ్మారై మామూలుగా వచ్చి, లక్షణాలు పూటకో తీరుగా ఉంటే న్యూరాలజిస్ట్ ఆ కోణంలో చూస్తారు.

ఒక మందు కదిలిస్తే నాలుగు కదులుతాయి

2012లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష సీపీతో పాటు ఉండే ఇబ్బందులను లెక్కగట్టింది. నలుగురిలో ముగ్గురికి నొప్పి. ఇద్దరిలో ఒకరికి బుద్ధిమాంద్యం. నలుగురిలో ఒకరికి ఫిట్స్, నలుగురిలో ఒకరికి మాట రాదు. ముగ్గురిలో ఒకరికి తుంటి పక్కకు జరుగుతుంది. అయిదుగురిలో ఒకరికి నిద్ర సరిగా పట్టదు. పదిమందిలో ఒకరికి చూపు ఉండదు. రెండో లెక్కను తిప్పి చదివితే సగం మందికి తెలివిలో లోటు లేదు. మాట రాని పిల్లలందరినీ తెలివి లేనివాళ్ల కింద కట్టడం మన దగ్గర జరిగే పెద్ద అన్యాయం.

ఇవి విడివిడి జబ్బుల్లా కనిపిస్తాయి గానీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఏడేళ్ల పాపను ఊహించుకోండి. కాళ్లూ చేతులూ బిగుతు, ఫిట్స్, చొంగ కారడం. చొంగ తగ్గడానికి ఒక డాక్టర్ గ్లైకోపైరోలేట్ రాస్తారు. చొంగ తగ్గుతుంది, కానీ ఆ మందు మలబద్ధకం తెస్తుంది. నాలుగు రోజులకోసారి విరేచనం అవుతుంటే కడుపునొప్పి. నొప్పి వస్తే ఒళ్లు ఇంకా బిర్రుగా అవుతుంది. బిగుతు పెరిగిందని ఇంకో డాక్టర్ బాక్లోఫెన్ మోతాదు పెంచుతారు. దాంతో పాప మగతగా ఉంటుంది. మగతలో తినిపిస్తే పొలమారుతుంది. పొలమారిన మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. జ్వరం వస్తే ఫిట్స్. బాక్లోఫెనే కొందరిలో ఫిట్స్‌ను పెంచవచ్చు, పైగా దాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రమాదం.

ఇందులో ఏ డాక్టర్ చేసిందీ తప్పు కాదు. ఎవరి చీటీ వాళ్ల వరకు సరైనదే. అవతలి చీటీ ఎవరూ చూడలేదు, అంతే. మొదట్లోనే మలబద్ధకం సంగతి ఎవరైనా అడిగి ఉంటే బాక్లోఫెన్ పెంచే పనే పడకపోవచ్చు.

అందుకే వైద్యులు రెండు పద్ధతులను వేరు చేసి చెప్తారు. చాలామంది నిపుణులు విడివిడిగా చూసి ఎవరి చీటీ వాళ్లు రాయడం ఒకటి. వాళ్లంతా ఒకచోట కూర్చొని, కుటుంబంతో కలిసి ఒకే లక్ష్యం పెట్టుకొని, దానికి తగ్గట్టు ఎవరి పని వాళ్లు చేయడం రెండోది. మొదటిదాన్ని మల్టీడిసిప్లినరీ అని, రెండోదాన్ని ఇంటర్‌డిసిప్లినరీ అని అంటారు. రెండింట్లోనూ డాక్టర్ల సంఖ్య ఒకటే కావచ్చు. తేడా ఎక్కడంటే, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా లేదా అన్న చోట.

లక్ష్యం అంటే ఎలా ఉంటుంది? తొమ్మిదేళ్ల పిల్ల, సొంతంగా నిలబడలేదు. బతుకమ్మ నాడు తోటి పిల్లల మధ్య కూర్చొని తనూ పువ్వులు పేర్చాలని ఉంది. ఫిజియోథెరపిస్ట్ నడుము నిలిపే పని చూస్తారు. రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఆ పిల్లకు సరిపోయే కుర్చీ, గునుగుపువ్వు పట్టుకోవడానికి చేతికి స్ప్లింటు, అంటే ఆసరా పట్టీ చూస్తారు. గంటసేపు కూర్చుంటే తుంటి నొప్పి వస్తుందా అన్నది ఎముకల డాక్టర్ చూడాలి. స్పీచ్ థెరపిస్ట్ బొమ్మల బోర్డు మీద "ఆ తంగేడు పువ్వు ఇయ్యి" అన్న మాట చేరుస్తారు. సాయంత్రం పూట మగత రాకుండా మందుల వేళలు జరపడం న్యూరాలజిస్ట్ పని. "కండరాల బిగుతు తగ్గించాలి" అన్న లక్ష్యంతో పోలిస్తే ఇది ఎంత స్పష్టంగా ఉందో చూడండి. నెరవేరిందా లేదా అన్నది ఆ పిల్లే చెప్పగలదు.

"నడుస్తడా?" అన్న ప్రశ్నకు అయిదు జవాబులు

ప్రతి తల్లి, ప్రతి తండ్రి అడిగే మొదటి ప్రశ్న ఇదే. దీనికి ఊహతో కాకుండా జవాబు చెప్పడానికి 1997లో కెనడా పరిశోధకులు ఒక కొలబద్ద తయారు చేశారు. దాన్ని జీఎంఎఫ్‌సీఎస్ అంటారు. మొదటి స్థాయి పిల్లలు నడుస్తారు, పరుగెత్తుతారు, కాస్త తడబాటు ఉంటుంది. రెండో స్థాయి వాళ్లు నడుస్తారు కానీ మెట్లకూ ఎత్తుపల్లాలకూ ఆసరా కావాలి. మూడో స్థాయికి చేతికర్రలో వాకరో కావాలి. నాలుగో స్థాయికి చక్రాల కుర్చీయే ప్రధానం. అయిదో స్థాయి పిల్లలకు మెడ, నడుము నిలపడానికి కూడా సాయం ఉండాలి.

రెండేళ్ల లోపు ఈ స్థాయి మారే అవకాశం ఉంది. ఆ తర్వాత ఎక్కువ మంది అదే స్థాయిలో ఉంటారు. రెండేళ్లకల్లా ఆసరా లేకుండా కూర్చోగలిగిన పిల్లలు నడిచే అవకాశం బాగా ఎక్కువ. పెద్ద కదలికల విషయంలో ఒక పిల్లవాడు చేరగలిగిన చోటుకు అయిదేళ్లకల్లా చాలామటుకు చేరిపోతాడని అధ్యయనాలు చూపాయి.

ఈ మాట తల్లిదండ్రులకు చెప్పాలా వద్దా అన్న దాని మీద భిన్నాభిప్రాయం ఉంది. చెప్తే ఆశ చచ్చిపోయి థెరపీ మానేస్తారని కొందరు డాక్టర్లు భయపడతారు. చెప్పకపోతే నాలుగో స్థాయి పిల్లవాణ్ని నడిపిస్తామన్న ప్రతివాళ్ల దగ్గరికీ పొలం అమ్మి మరీ తిప్పుతారన్నది ఇంకో వాదన. నేను రెండో వైపే మొగ్గుతాను. నిజం తెలిసిన తల్లి చక్రాల కుర్చీ కోసం ముందుగా అడుగుతుంది, బిడ్డ బడికి ముందుగా వెళ్తాడు.

సదరం సర్టిఫికెట్‌లోని శాతం ఈ స్థాయి కాదు. అది పింఛను, రిజర్వేషన్ లాంటి వాటికి అర్హత తేల్చే అంకె. 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే చట్టంలోని చాలా ప్రయోజనాలు వర్తిస్తాయి. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలకు పెరిగింది. బిడ్డకు ఎలాంటి వైద్యం కావాలన్నది మాత్రం ఆ శాతం చెప్పదు.

తొలి నెలల్లో పోయే కాలం

"మగపిల్లలు ఆలస్యంగనే నడుస్తరు, ఆగండి" అనే మాట ఇళ్లలో పెద్దవాళ్లే కాదు, కొన్నిసార్లు డాక్టర్లు కూడా అంటారు. ఇక్కడే ఏడాది, రెండేళ్లు గడిచిపోతాయి.

2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి, ప్రమాదం ఉన్న పసివాళ్లలో ఆరు నెలల లోపే సీపీని గుర్తించవచ్చని ఆధారాలతో చెప్పింది. దానికి వాడే మూడు పనిముట్లు ఎమ్మారై, హామర్‌స్మిత్ నరాల పరీక్ష, జనరల్ మూవ్‌మెంట్స్ పరిశీలన. చివరిదానికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. మూడు నుంచి అయిదు నెలల బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కొద్ది నిమిషాలు వీడియో తీస్తే, శిక్షణ పొందిన కన్ను ఆ కదలికల్లో తేడా పట్టగలదు. నెలలు నిండని బిడ్డ అయితే వయసును కాన్పు కావలసిన తేదీ నుంచి లెక్కపెట్టాలి.

ఇళ్లలో కనిపించే గుర్తులూ ఉన్నాయి. ఎనిమిది నెలలు దాటినా కూర్చోకపోవడం, ఏడాది నిండకముందే ఒక్క చేత్తోనే అన్నీ అందుకోవడం, పద్దెనిమిది నెలలకూ నడక రాకపోవడం. ఒక చేతి వాడకం చూసి "ఎడమచేతి వాటం" అని మురిసిపోయే ఇళ్లు ఉంటాయి. అంత చిన్న వయసులో అది వాటం కాకపోవచ్చు, రెండో చెయ్యి పనిచేయకపోవడం కావచ్చు.

ప్రభుత్వ వ్యవస్థలో దీనికి దారి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. ఆ బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించాలి, అనుమానం ఉన్నవాళ్లను జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. పిల్లల డాక్టర్, ఫిజియోథెరపిస్ట్, స్పీచ్ థెరపిస్ట్, సైకాలజిస్ట్ ఒకే కప్పు కింద ఉండాలన్నది ఆ కేంద్రం ఆలోచన. పైన చెప్పిన రెండో పద్ధతికి సర్కారు పెట్టిన పేరు అదే అనుకోవచ్చు.

తుంటి ఎక్స్‌రే: నొప్పి రాకముందే లెక్క

సీపీ వైద్యంలో ముందుచూపు ఎంత పనిచేస్తుందో తుంటి చెప్పినంత స్పష్టంగా ఇంకేదీ చెప్పదు. పుట్టినప్పుడు తుంటి కీలు బాగానే ఉంటుంది. బిగుతు కండరాల లాగుడుకు తోడు నిలబడని కాలు వల్ల తొడఎముక గుండు మెల్లగా గిన్నెలోంచి బయటికి జరుగుతుంది. మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది.

దీన్ని ఎక్స్‌రేలో కొలుస్తారు. గుండు వెడల్పు 40 మిల్లీమీటర్లు, అందులో గిన్నె కప్పు దాటి బయట ఉన్నది 14 మిల్లీమీటర్లు అనుకుందాం. 14ను 40తో భాగిస్తే 35 శాతం. సాధారణంగా 30 శాతం దాటితే ఎముకల డాక్టర్ నిశితంగా చూస్తారు, 40 దాటితే ఆపరేషన్ మాట వస్తుంది. ఏడాది కింద అదే పిల్లకు 22 శాతం ఉండి ఇప్పుడు 35 అయితే, 35 అన్న అంకె కన్నా ఏడాదిలో 13 పెరగడం ఎక్కువ భయపెట్టాలి.

ఎవరికి ప్రమాదం? ఆస్ట్రేలియాలో జరిగిన అధ్యయనంలో ఒకటో స్థాయి పిల్లల్లో తుంటి జరగడం దాదాపు లేదు, అయిదో స్థాయిలో 90 శాతం మందికి జరిగింది. అంటే పడుకొనే ఉండే బిడ్డకే ఎక్స్‌రే ఎక్కువ అవసరం. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. "నడవనోనికి ఎక్స్‌రే ఎందుకు?" అంటారు. నడక కోసం కాదు, నొప్పి లేకుండా కూర్చోవడానికి, తొడలు విడదీసి స్నానం చేయించడానికి. దక్షిణ స్వీడన్‌లో 1994లో సీపీ పిల్లలందరికీ క్రమం తప్పని పరీక్షలు మొదలుపెట్టాక తుంటి పూర్తిగా ఊడిపోవడం దాదాపు కనుమరుగైంది. అక్కడ కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఫిజియోథెరపిస్ట్, రేడియాలజీ, ఎముకల డాక్టర్ ఒకే రికార్డు చూసుకున్నారు, వేళకు పిలిచారు.

థెరపీ ఎంత, ఎక్కడ, ఏది?

పేచీలు ఎక్కువ ఉన్నది ఇక్కడే.

దశాబ్దాలుగా వాడుకలో ఉన్న పద్ధతి థెరపిస్ట్ చేతులతో బిడ్డను కదిలించడం, సాగదీయడం. ఇటీవలి పరిశోధనలు ఇంకో వైపు మొగ్గుతున్నాయి. బిడ్డ తనంతట తాను చేసే ప్రయత్నమే మెదడుకు నేర్పుతుందని, చెంచా పట్టడం నేర్చుకోవాలంటే చెంచాతోనే సాధన చేయించాలని అంటాయి. ఒక చేయి బలహీనంగా ఉన్నవాళ్లకు మంచి చేతికి కొంతసేపు తొడుగు వేసి బలహీనమైన చేతితో ఆడించే పద్ధతికి గట్టి ఆధారాలున్నాయి. పాత పద్ధతి వాళ్లు దీనికిచ్చే జవాబు కూడా కొట్టిపారేయదగింది కాదు: అయిదో స్థాయి బిడ్డ తనంతట తాను ఏం ప్రయత్నం చేయగలడు? అలాంటి బిడ్డకు సరైన భంగిమలో పడుకోబెట్టడం, కూర్చోబెట్టడం, నొప్పి లేకుండా చూడటమే పెద్ద పని.

కేంద్రానికి తేవడమా, ఇంట్లో చేయడమా? ఒక లెక్క వేద్దాం. ఏటూరునాగారం నుంచి వారానికోసారి హనుమకొండకు వచ్చి 45 నిమిషాలు థెరపీ చేయిస్తే ఏడాదికి 39 గంటలు. దానికోసం 52 రోజుల కూలీ, 52 సార్లు రానుపోను బస్సు. అదే ఇంట్లో అన్నం తినిపించేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, బట్టలు తొడిగేటప్పుడు రోజుకు అరగంట సాధన కలిస్తే ఏడాదికి 182 గంటలు దాటుతుంది. లెక్క ఇంటివైపే ఉంది. కానీ ఆ అరగంట ఎవరిది? పొద్దున పత్తి చేనుకు పోయి సాయంత్రం పొయ్యి వెలిగించే తల్లిదే. ఇంటి థెరపీ మంచిదని చెప్పే నిపుణులు ఆ భారాన్ని లెక్కలో వేయరన్న విమర్శ న్యాయమైనదే. విద్యాశాఖ కింద మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ శిబిరాలు జరుగుతాయి, రాలేని పిల్లల ఇంటికే టీచర్ వెళ్లే ఏర్పాటూ ఉంది. ఈ రెండు కొసలనూ కలిపే ప్రయత్నం అది.

ఇంజెక్షన్లు, ఆపరేషన్ల సంగతి క్లుప్తంగా. బొటులినం టాక్సిన్ ఇంజెక్షన్ ఎంపిక చేసిన కండరాల బిగుతును సుమారు మూడు నెలలు తగ్గిస్తుంది. ఆ మూడు నెలల్లో సాధన, స్ప్లింటు లేకపోతే ఇంజెక్షన్ ఖర్చు వృథా. ఆపరేషన్లు వెనకటిలా ఏడాదికొకటి కాకుండా, నడక తీరు పూర్తిగా పరిశీలించి అవసరమైనవన్నీ ఒకేసారి చేయడం ఇప్పటి పద్ధతి. ఆ తర్వాత నెలల తరబడి ఫిజియో ఉంటుంది కాబట్టి, ఊళ్లో ఫిజియో దొరుకుతుందో లేదో కనుక్కోకుండా ఆపరేషన్ తేదీ ఇవ్వడం సగం వైద్యమే.

ఇక స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు. ఫోన్లో ప్రకటన చూసి లక్షలు పోసిన కుటుంబాలు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం మూలకణాలు అంగీకృత చికిత్స అయింది కొన్ని రక్త సంబంధ వ్యాధుల్లోనే. సీపీతో సహా మిగతా వాటికి అనుమతి పొందిన పరిశోధనలో తప్ప ఇవ్వకూడదు. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. పరిశోధనలో ఏమీ లేదా అంటే ఉంది. బొడ్డుతాడు రక్తకణాలతో జరిగిన కొన్ని ప్రయోగాల్లో చిన్నపాటి మెరుగు కనిపించింది. ఆ చిన్న మెరుగుకూ "నడిపిస్తాం" అన్న ప్రకటనకూ మధ్య చాలా దూరం. ఆక్సిజన్ గదుల చికిత్సదీ ఇలాంటి కథే. 2001లో 111 మంది పిల్లల మీద కెనడాలో చేసిన పరీక్షలో ఎక్కువ ఆక్సిజన్ పొందినవాళ్లూ, మామూలు గాలినే కాస్త ఒత్తిడితో పొందినవాళ్లూ సమానంగా మెరుగయ్యారు. అంటే మెరుగు ఆక్సిజన్ గొప్పదనం వల్ల వచ్చిందని చెప్పడానికి లేకుండా పోయింది.

గుటక: ఎవరూ అడగని విషయం

తీవ్రమైన సీపీ ఉన్నవాళ్ల ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఊపిరితిత్తుల జబ్బులే, అందులో తిండి పొలమారడం పెద్ద కారణం. అన్నం తినిపించడానికి పూటకు గంట పడుతున్నా, ప్రతి చలికాలం న్యుమోనియా వస్తున్నా, ఏడాదిగా బరువు పెరగకపోయినా అది గుటక సమస్య కావచ్చు. నీళ్లు, పలుచటి చారు గొంతులోకి వేగంగా జారతాయి కాబట్టి వాటికే ఎక్కువగా పొలమారుతుంది. మెత్తగా, చిక్కగా చేసిన గట్క లాంటిది చాలామందికి మేలు, ఎవరికి ఎంత చిక్కదనం అన్నది స్పీచ్ థెరపిస్ట్ చూసి చెప్పాలి. బిడ్డను పూర్తిగా వెల్లకిలా ఒళ్లో వేసుకొని తినిపించే అలవాటు మన దగ్గర ఎక్కువ, గుటక ఇబ్బంది ఉన్నవాళ్లకు అది ప్రమాదం.

కొందరికి కడుపులోకి నేరుగా గొట్టం అమర్చాలంటారు. బరువు పెరుగుతుంది, మందులు సరిగా అందుతాయి, తల్లికి గంటలు మిగులుతాయి. అయినా చాలామంది తల్లులు ఒప్పుకోరు. నోటితో ముద్ద పెట్టడం వాళ్లకు తిండి పెట్టడం మాత్రమే కాదు. ఈ అభ్యంతరాన్ని మొండితనం అనుకోవడం పొరపాటు. రుచి కోసం కొద్దిగా నోటితో, ఆకలికి గొట్టంతో అన్న మధ్యేమార్గం కొందరి విషయంలో కుదురుతుంది.

18 దాటాక మూసుకునే తలుపు

పిల్లల విభాగానికి వయసు పరిమితి ఉంటుంది. బాల స్వాస్థ్య కార్యక్రమం 18తో ఆగుతుంది. బడి అయిపోతే భవిత కేంద్రమూ అయిపోతుంది. మన మనసుల్లో సీపీ అంటే పిల్లల జబ్బు. కానీ సీపీ ఉన్నవాళ్లలో ఎక్కువ మంది పెద్దవాళ్లవుతారు, తేలికపాటి సీపీ అయితే ఆయుష్షు ఇతరుల లాగే ఉంటుంది. బ్రిటన్ పెద్దవయసు సీపీ కోసం విడిగా జాతీయ మార్గదర్శకాలు ఇచ్చింది 2019లోనే. అంటే వైద్యలోకానికే ఈ గుర్తింపు కొత్తది.

రెండో స్థాయి సీపీ ఉన్న 34 ఏళ్ల మహిళ అనుకుందాం. జనగామలో కుట్టుపని చేస్తుంది. చిన్నప్పటి నుంచి నడుస్తూనే ఉంది. రెండేళ్లుగా సాయంత్రానికి అలసిపోతుంది, మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి, ఈ మధ్య పడిపోతోంది, మూత్రం ఆపుకోలేకపోతోంది, చేతి వేళ్లు తిమ్మిరెక్కి సూది జారుతోంది. ఎక్కడికి వెళ్లినా "నీకు సీపీ కదమ్మా" అంటారు. మొదట్లో చెప్పుకున్న మాట ఇక్కడ పనికొస్తుంది: దెబ్బ పెరగదు. అలసట, మోకాలి నొప్పి ఏళ్ల తరబడి కష్టపడి నడిచిన కీళ్ల అరుగుదల కావచ్చు, వాటికి నడక తీరు మార్చడం, బరువు, నొప్పి మందు, దూరాలకు చక్రాల కుర్చీ లాంటి దారులున్నాయి. కానీ చేతి తిమ్మిరి, మూత్రం అదుపు తప్పడం వేరే సంగతి. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోతోందేమో అని ఎమ్మారై తీసి చూడాలి. మెడ ఎప్పుడూ మెలికలు తిరిగే డిస్కైనెటిక్ రకం వాళ్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. వేళకు పట్టుకుంటే ఆపవచ్చు, ఆలస్యమైతే పోయిన శక్తి తిరిగి రాకపోవచ్చు.

పెద్దవాళ్లలో ఎముకలు గుల్లబారడం తొందరగా వస్తుంది. నిలబడకపోవడం, ఎండ తగలకపోవడంతో పాటు కొన్ని ఫిట్స్ మందులు విటమిన్ డి తగ్గించడం దీనికి కారణాలు. దిగులు, ఆందోళన మిగతావాళ్ల కన్నా ఎక్కువ. నెలసరి నొప్పి, పెళ్లి, గర్భం గురించి ఈ మహిళలు ఎవరినైనా అడగబోతే ఎదుటివాళ్లు మొహం తిప్పుకుంటారు. సీపీ ఉన్న స్త్రీలు పిల్లల్ని కంటున్నారు, పెంచుతున్నారు. కావలసింది కాన్పు డాక్టర్, న్యూరాలజిస్ట్ ముందుగా మాట్లాడుకొని ఫిట్స్ మందులు సరిచూడటం, కాన్పు ఎలా అన్నది ఆలోచించడం. ముఖ్యంగా వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి ఆ మార్పు గర్భానికి ముందే జరగాలి.

"మేము పోయినంక ఎవరు?"

ముప్పై ఏళ్ల కొడుకును ఎత్తి స్నానం చేయించే తల్లికి యాభై అయిదేళ్లు. ఆమె నడుమునొప్పి కూడా ఈ వైద్యంలో భాగమే, కానీ ఏ ఫైలులోనూ దాని మాట ఉండదు.

చట్టం ఇక్కడ రెండు దారులు చూపిస్తుంది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాల కోసం వచ్చిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, 18 దాటిన వ్యక్తికి జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ని నియమించవచ్చు. అదే సంస్థ నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది, ఓపీ ఖర్చులు, థెరపీ కూడా అందులో వస్తాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మాత్రం ఇంకో భాషలో మాట్లాడుతుంది. యాదృచ్ఛికంగా అందులోనూ సెక్షన్ 14వదే. నిర్ణయం ఆ వ్యక్తిదే, సంరక్షకుడు కావలసి వస్తే పరిమితంగా, అతనితో సంప్రదించి మాత్రమే అంటుంది. మొదటిది రక్షణ చూస్తుంది, రెండోది స్వేచ్ఛ చూస్తుంది. తీవ్రమైన బుద్ధిమాంద్యం కూడా ఉన్నవాళ్ల తల్లిదండ్రులు మొదటిదాన్ని వదులుకోలేమంటారు. వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల కోసం మాట్లాడేవాళ్లు, సీపీ ఉన్న ప్రతివాళ్లకూ దాన్ని వర్తింపజేస్తే నోరున్న మనిషి నోరు నొక్కినట్టే అంటారు.

ఉదాహరణకు ఇంటర్ పాసైన 19 ఏళ్ల యువకుడు. మాట స్పష్టంగా రాదు, సంతకం చేయలేడు, తెలివికి లోటు లేదు. బ్యాంకులో ఖాతా దగ్గర ఇబ్బంది రావడంతో ఎవరో సలహా ఇచ్చి తండ్రి సంరక్షకుడిగా దరఖాస్తు పెట్టుకోబోయాడు. అది మంజూరైతే ఖాతా సమస్య తీరుతుంది, కానీ రేపు ఎక్కడ చదవాలి, ఎవరితో ఉండాలి అన్న వాటిల్లోనూ ఆ కుర్రవాడి మాట వెనక్కి పోయే వీలుంది. వేలిముద్రతో ఖాతా నడపడానికి దారి ఉంది. అతను ప్రశ్న అర్థం చేసుకొని అక్షరాల బోర్డు మీద జవాబు చూపగలడని స్పీచ్ థెరపిస్ట్, సైకాలజిస్ట్ కలిసి రాసిచ్చే ఒక పేజీ నివేదిక, బ్యాంకు మేనేజర్ అతని ఎదుట అయిదు నిమిషాలు కూర్చునే ఓపిక ఉంటే ఆ పని అయిపోతుంది. ఇంతకీ కమిటీకి దరఖాస్తు వెళ్లాలా వద్దా అన్నది ఆ బోర్డు ముందు పెట్టి మొదట అతన్నే అడగాలి.